ఒక్క గొంతు, ఊరంతా వంత

వంగపండు ప్రసాదరావు గారు పుట్టింది 1943 జూన్‌లో, పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో. తొలకరి పడి దుక్కులు మొదలయ్యే నెల అది. ఆయన 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. అయినా జూన్ వచ్చిందంటే ఉత్తరాంధ్రలో పాట మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ అది పుట్టినరోజు నెలే. ఫొటోకి దండ వేసి, దీపం వెలిగించి, నలుగురు పెద్దలు మాట్లాడి వెళ్లిపోయే సభ ఆయనకు చాలదు. గజ్జెలు మోగాలి, డప్పు కాగాలి, జనం గొంతు కలపాలి. ఆయన్ని కన్నది పెదబొండపల్లి, చేతికి పనిముట్టు ఇచ్చింది విశాఖపట్నం. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి ఆయన. అందుకే ఈ పండగ మన ఊరు దగ్గరుండి చేయాల్సిన పండగ.

వంగపండును అభినందించడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. మూడు వందలకు పైగా పాటలు కట్టారు. 1972లో పుట్టిన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో గద్దర్‌తో పాటు ఆయన పేరూ ఉంది. సినిమాలకు పాటలు రాశారు. ఇవన్నీ చాలామంది చెప్పారు, ఇకముందూ చెబుతారు. నాకు మాత్రం ఒక సంగతి అన్నిటికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆయన ఒక్కరు వేదిక ఎక్కితే దళం మొత్తం ఎక్కినట్టుండేది. పక్కన వంతపాడేవాళ్లు ఉంటే సరే, లేకపోతే ఎదురుగా కూర్చున్న జనాన్నే వంతగాళ్లను చేసుకునేవారు. పాట సగానికి వచ్చేసరికి పాడేవారెవరో వినేవారెవరో విడదీయడం కష్టమయ్యేది. ఆ విద్య ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో, ఈ నేలలో దాని వేళ్లు ఎంత లోతున ఉన్నాయో నాలుగు మాటలు రాయడమే ఈ జయంతికి నా కానుక.

ఒక మనిషి గజ్జె కట్టి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన అజ్జాడ, వంగపండు పుట్టిన పెదబొండపల్లి ఇవాళ ఒకే జిల్లాలో, పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. దాసుగారు 1864లో పుట్టి 1945 జనవరిలో పోయారు. అంటే వంగపండు పసిబిడ్డగా ఉన్ననాటికి హరికథా పితామహుడు ఇంకా మన మధ్యే ఉన్నారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. కథ చెప్పేదీ ఆయనే, పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. రాజూ ఆయనే, బంటూ ఆయనే, ఏడ్చే తల్లీ ఆయనే. దాసుగారు అధ్యక్షులుగా ఉన్న విజయనగరం సంగీత పాఠశాలలో 1919 నుంచి ఫిడేలు చెప్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పుట్టింది బెంగళూరైనా ద్వారం వారు పెరిగింది మన కశింకోట, విశాఖపట్నాల్లోనే. గాత్రానికి పక్కవాద్యంగా ఒదిగి ఉండే ఫిడేలును ఆయన కచేరీ నడిమధ్యకు తెచ్చి, ఒక్క ఫిడేలుతోనే సభను నిలబెట్టారు.

దాసుగారిదీ నాయుడుగారిదీ శాస్త్ర సంగీతం. వాళ్లకు సంస్థానం ఆదరణ ఉంది, పండితుల సభ ఉంది. వంగపండుకు దొరికింది కూలీల వాడ, ఊరి రచ్చబండ, కార్మికుల గేటు మీటింగు. దారులు వేరు, శ్రోతలు వేరు. అయినా వేదిక మీద ఎవరి ఆసరా లేకుండా నిలబడి సభను గెలిచే ఆ తెగువ ముగ్గురిలోనూ ఒక్కటే. నారాయణదాసు, ద్వారం, వంగపండు అని ఒకే వరసలో చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. జానపదాన్ని ఒక మెట్టు కిందకి దించి కూర్చోబెట్టే అలవాటు మనలో ఇంకా పోలేదు గనుక, ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి.

అయితే వంగపండు చదువుకున్న బడి విజయనగరం కోట పక్కన లేదు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు చుట్టుపక్కల ఊళ్లే ఆయన బడి. అక్కడ గొల్లలు రొమ్ముకు తప్పెటలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, గంగమ్మ మీద పాటలు పాడుతూ ఎగిరి ఎగిరి ఆడతారు. కాలు నేలకు తగిలేది, అరచెయ్యి తప్పెట మీద పడేది ఒకే క్షణంలో. పాటకీ అడుగుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండదు. తూర్పు భాగవతంలో మద్దెల గొంతు చించుకుంటుంది. కొండ మీదకు పోతే థింసాలో ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యి వేసి, పాములా మెలికలు తిరుగుతూ అడుగు వేస్తారు. ఊరి పండక్కి అమ్మవారి గుడి ముందు జముకు మోగుతుంది.

జముకు గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. లోపల డొల్లగా ఉండే చిన్న వాద్యం అది. ఒక పక్క తోలు మూసి ఉంటుంది. ఆ తోలు నడిమి నుంచి ఒక తంతి బయటికి వస్తుంది. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తంతిని లాగి పట్టి, రెండో చేత్తో మీటాలి. తంతి బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. ఏ మెట్టు మీదా నిలబడని ఆ స్వరం విన్నవాడికి ఒకసారి మూలుగులా, ఒకసారి నిలదీసినట్టు వినిపిస్తుంది. కథకుడు ఒక చరణం అందుకుంటాడు, వంతగాళ్లు దాన్ని పట్టుకుని తిరగేస్తారు, ఈలోగా కథకుడు ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట వెతుక్కుంటాడు. ఎల్లమ్మ కథ అయినా, ఇంకో అమ్మవారి కథ అయినా జముకుల కథ నడక అదే.

ఆ జముకును అమ్మవారి గుడి ముందు నుంచి రైతుకూలీ సభలోకి తీసుకొచ్చినవారు సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడు శివాలయంలో పూజారి ఆయన. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం రగులుతున్న రోజుల్లో జముకుల కథలోనే ఆ పోరాటం కథ చెప్పారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తూటాలకు బలయ్యాక ఆ ప్రాంతంలో పాట దిక్కు మారింది. 1969 డిసెంబరు 22న పాణిగ్రాహిని కాల్చి చంపారు. అప్పటికి వంగపండుకు ఇరవై ఆరేళ్లు. ఆయన తరం పాటగాళ్లకు పాణిగ్రాహి వదిలి వెళ్లిన ఆస్తి ఇంతే: ఊళ్లో ఉన్న వాద్యం చాలు, ఊళ్లో మాట్లాడే మాట చాలు, కొత్త కథ ఒక్కటి ఉంటే చాలు.

ఇక మన ఊరి సంగతి. విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. 1941 జూన్ 21న సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నెహ్రూ నీళ్లలోకి దింపారు. 1952లో ఆ కార్ఖానా హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. కంపెనీ పోయినా సింధియా అన్న పేరు మాత్రం మల్కాపురం పక్కన బస్సు కండక్టర్ల నోట్లో ఇప్పటికీ బతికే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి కుర్రాళ్లు వచ్చి ఆ గేటు ముందు నిలబడ్డారు. కొందరు వెల్డర్లయ్యారు, కొందరు రిగ్గర్లయ్యారు, కొందరు రేవులో కళాసీలుగా చేరారు. గాజువాక, మల్కాపురం, గాంధీగ్రామ్, జ్ఞానాపురం వీధుల్లో పది ఊళ్ల యాసలు కలిసిపోయాయి. పెదబొండపల్లి కుర్రాడు ఫిట్టరుగా అడుగుపెట్టింది ఈ గుంపులోకే.

ఫిట్టరు పనిని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఒకటి తెలుస్తుంది. అందులో బలం కంటే ఓపికకు విలువ ఎక్కువ. రెండు ఇనప భాగాలు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోవాలి. బేరింగులో షాఫ్టు మరీ బిగువుగా ఉంటే వేడెక్కి పట్టేస్తుంది, మరీ వదులుగా ఉంటే కొట్టుకుంటుంది. ఆకురాయితో ఒక పిసరు రాయడం, గుడ్డతో తుడవడం, పెట్టి చూడడం, మళ్లీ తీసి రాయడం. చివరికి యంత్రం తిప్పినప్పుడు ఫిట్టరు కళ్లతో చూడడం మానేసి చెవి పెట్టి వింటాడు. ఎక్కడ లయ తప్పిందో చెవే చెబుతుంది. వంగపండు ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’ అనే పాట కట్టారంటే దానికి వెనక ఈ చేతులు, ఈ చెవులు ఉన్నాయి. కార్ఖానాను రోడ్డు మీద నుంచి చూసిన కవి అయితే పొగ గురించీ సైరన్ గురించీ రాసేవాడు. ఈయన యంత్రం లోపల ఏ భాగం ఏ భాగాన్ని కదుపుతుందో అక్కడినుంచి అందుకున్నారు. ఆ నడకలోనే కార్మికుల ఐక్యతను వినిపించారు. ఆ పాట ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. పని తెలిసినవాడి పాట కాబట్టి ఏ దేశపు కార్మికుడికైనా అది తన పాటలాగే ఉంటుంది. పారిశ్రామిక నగరం గురించి తెలుగులో ఇంతకంటే సూటిగా, ఇంత లోపలి నుంచి వచ్చిన పాట మరొకటి ఉందని నేననుకోను.

ఆ రోజుల్లో విశాఖ కూడా ఉడుకుతున్న ఊరే. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం లేచింది. అమృతరావు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఇక్కడ తూటాలు పేలాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలిచ్చారని ఈ ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. 1970 ఫిబ్రవరిలో ఈ ఊరి బిడ్డ శ్రీశ్రీకి ఇక్కడే షష్టిపూర్తి చేశారు. రచయితలు ఎటువైపు ఉన్నారో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం పంచింది ఆ సందర్భంలోనే. అదే ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. రెండేళ్లకు జననాట్యమండలి వచ్చింది. తెలంగాణ గొంతుతో గద్దర్, ఉత్తరాంధ్ర గొంతుతో వంగపండు. ఆ ఇద్దరి స్నేహం గురించి వేరే పుస్తకమే రాయొచ్చు. ఒగ్గుకథ తెలిసిన నేల ఒకవైపు, జముకుల కథ తెలిసిన నేల మరోవైపు. రెండు యాసలూ ఒకే వేదిక మీద తలెత్తుకుని నిలబడ్డ కాలం అది. గద్దర్ కూడా 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు.

వేదిక మీద వంగపండును చూసినవాళ్లు ముందుగా చెప్పేది ఆయన కాళ్ల గురించే. మాట మొదలవకముందే గజ్జె మొదలయ్యేది. రెండు అడుగులు అటు, రెండు అడుగులు ఇటు. ఆ చప్పుడుకి వెనక వరసల్లో కబుర్లాడుకునేవాళ్లు ఇటు తిరిగేవారు. అప్పుడు పల్లవి. పల్లవి ఒకసారి తనే పాడి, రెండోసారి సగం పాడి చెయ్యి జనం వైపు చాపితే మిగతా సగం జనం పూర్తి చేయాలి. మొదటిసారి ఆ గొంతులు సిగ్గుపడతాయి, మూడోసారికి పందిరి ఎగురుతుంది. చరణాల మధ్య పాట ఆపి మామూలుగా మాట్లాడతారు, రచ్చబండ మీద కూర్చుని పక్కవాడితో చెప్పుకున్నట్టు. ధరల గురించి, భూమి గురించి, ఆడవాళ్ల కష్టం గురించి, పోలీసుల గురించి. నవ్విస్తారు. ఆ నవ్వు ఆగకముందే పాట మళ్లీ అందుకుంటారు. శ్రోతకు కుదురుగా కూర్చునే అవకాశం ఇవ్వరు.

ఇక్కడే జముకుల కథ నడకను ఆయన ఎంత తెలివిగా మలుచుకున్నారో చూడాలి. అక్కడ కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇచ్చేది వంతగాళ్లు. ఇక్కడ ఆ పని జనానికి అప్పగించారు. దానివల్ల ఒక ప్రయోజనం నెరవేరింది. సభ నుంచి ఇంటికి వెళ్లేవాడు పాటను విని వెళ్లడు, నేర్చుకుని వెళ్తాడు. కాగితం అక్కర్లేదు, క్యాసెట్ అక్కర్లేదు. మర్నాడు నాట్లు వేసే చోట, వల లాగే చోట, టీ కొట్టు దగ్గర ఆ పల్లవి లేస్తుంది. అక్షరం రానివాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక పాట ఇచ్ఛాపురం నుంచి పాయకరావుపేట దాకా నడిచి వెళ్లిందంటే ఇలాంటి నోళ్ల మీదుగానే. ఆయన పాటల పల్లవులు పొట్టిగా, పట్టుకోవడానికి వీలుగా ఉండడంలో కవి హృదయంతో పాటు చేతిపని తెలిసినవాడి లెక్క కూడా ఉంది.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాట చరిత్ర అందుకు పెద్ద సాక్ష్యం. సరసంగా పిలుస్తున్నట్టు మొదలై పోరాటంలోకి పిలిచే పాట అది. పిలిచే గొంతులో బెదిరింపు లేదు, ఉపన్యాసం లేదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే చనువుంది. ఆ చనువే దాన్ని బతికించింది. హిందీ, బెంగాలీ, తమిళ, కన్నడ భాషల్లోకి వెళ్లింది. 1986లో ఆర్. నారాయణమూర్తి గారి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో వెండితెర మీదకు వచ్చింది. 2009లో ‘మగధీర’ సినిమా పాటలో ఆ పల్లవి మళ్లీ వినబడితే థియేటర్లలో కుర్రకారు లేచి ఆడింది. వాళ్లలో చాలామందికి ఆ మాటలు కట్టిన మనిషి ఎవరో తెలియదు. దాని గురించి బాధపడేవాళ్లున్నారు. నా లెక్క వేరు. కట్టినవాడి పేరు తెలియకుండా జనం నోట్లో నిలవడం జానపదానికి దక్కే అత్యున్నత గౌరవం. ఆ గౌరవం సాధారణంగా కవి పోయాక వందేళ్లకు దక్కుతుంది, వంగపండుకు బతికుండగానే దక్కింది. అయితే మనం, ఆయన పేరు తెలిసినవాళ్లం, ఆ పేరు పిల్లలకు చెప్పకపోవడం మాత్రం తప్పే.

యాస గురించి ఒక్క మాట. మా చిన్నప్పుడు విశాఖ బళ్లలో ఉత్తరాంధ్ర పలుకు పలికితే తోటి పిల్లలే నవ్వేవారు. సినిమాల్లో ఆ యాస హాస్యపాత్రలకే పరిమితం. ఆ రోజుల్లో ఒక మనిషి వేలమంది ఎదుట, హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ, తన ఊరి పలుకు ఒక్క అక్షరం దిద్దకుండా పాడారు. చప్పట్లు కొట్టించుకున్నారు. దాన్ని చూసి ఎంతమంది పిల్లలు తమ ఇంటి మాటను చూసి సిగ్గుపడడం మానేశారో లెక్క కట్టలేం. గురజాడ తర్వాత కళింగాంధ్ర పలుకుకు వంగపండు చేసినంత మేలు చేసినవాళ్లు తక్కువ.

చేపలవేట చేసే పల్లెకారుల మీదా, కొండల మీది గిరిజనుల మీదా ఆయన కట్టిన పాటలు ఆ మనుషుల మధ్య తిరిగి, వాళ్ల వరసలు విని కట్టినవి. ఆయన పేరుతో కలిపి తలుచుకునే ‘భూమి భాగోతం’ వీధి భాగోతం పద్ధతిలో భూమి కథ చెప్పింది. వేషాలు, విరుపులు, నవ్వులు అన్నీ పాతవే, కథ మాత్రం కౌలుదారుడిదీ కూలీదీ. ఏ కొత్త సంగతి చెప్పాలన్నా ఆయన ముందు అడిగే ప్రశ్న ఒకటే అయి ఉంటుందని నాకనిపిస్తుంది: ఇది మా ఊళ్లో ఏ ఆటలో ఇముడుతుంది?

తర్వాతి జీవితంలో ఆయన దారులు మారాయి. జెండాలు మారాయి. కొందరు మిత్రులు నొచ్చుకున్నారు, కొందరు సమర్థించారు. పుట్టినరోజు నాడు ఆ తగువు తీర్చే పని మనకెందుకు? మూడు వందల పాటలు కట్టిన మనిషిని పాట దగ్గర నిలబెట్టి చూడడమే న్యాయం. 2008లో తెనాలిలో బొల్లిముంత శివరామకృష్ణ సాహితీ పురస్కారం, 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న ఆయనకు వచ్చాయి. సంతోషమే. ఆయన చేసిన పనికి అవి ఆలస్యంగా, తక్కువగా వచ్చాయన్నది నా అభిప్రాయం. కూతురు ఉష గజ్జె కట్టి ఆ పాటలను వేదికల మీద పాడుతున్నారు. గొంతు ఇంట్లోనే నిలిచింది, అది మనందరి అదృష్టం.

ఆయన వెళ్లిపోయింది కరోనా రోజుల్లో. నలుగురు కూడితే భయపడే కాలం. జీవితమంతా జనం మధ్య, జనం గొంతుతో పాడిన మనిషికి జనం నిండిన సంతాప సభ పెట్టుకునే వీలు కూడా అప్పుడు లేదు. ఆ బాకీ మన మీద ఉండిపోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఉక్కు కార్మికులు కూర్మన్నపాలెం దగ్గర దీక్షా శిబిరంలో కూర్చున్నప్పుడు, కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయొద్దని ఊరంతా గొంతెత్తినప్పుడు, ఈ సమయంలో వంగపండు ఉండి ఉంటే అని అనుకోని పాటాభిమాని ఉండడు. ఉక్కు కోసం ఏ పాట కట్టేవారో, ఏ పల్లవి సగం పాడి మన వైపు చెయ్యి చాపేవారో.

అందుకే ఈ జయంతి సందర్భంగా నాదొక విన్నపం. ప్రతి జూన్‌లో విశాఖపట్నంలో వంగపండు పేరున ఒక రాత్రి పెట్టుకుందాం. ఒక్క రాత్రి, ఒక్క గాయకుడు లేదా గాయని. పదిమంది పది నిమిషాలేసి పాడి దిగిపోయే కార్యక్రమాలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ఏడాదికి ఒకరిని ఎంచి, వేదిక మొత్తం వాళ్లకే అప్పగించాలి. ఒక ఏడాది జముకుల కథ చెప్పే పెద్దాయన, ఒక ఏడాది తప్పెటగుళ్ల గురువు, ఒక ఏడాది జాలరిపేట నుంచి వల పాటలు పాడే అవ్వ, ఒక ఏడాది అరకు నుంచి వచ్చే గిరిజన గాయని. మూడు గంటలు, నాలుగు గంటలు, వాళ్లకు ఓపిక ఉన్నంతసేపు. చిన్న ఊళ్లో పుట్టిన ఒక కళాకారుడికి నగరం ఒక రాత్రి పూర్తిగా ఇచ్చిందంటే ఆ గౌరవం శాలువాతో రాదు. ప్రసంగాలు పది నిమిషాలు దాటకూడదు. కచేరీ మొత్తం రికార్డు చేయాలి. ఆ పాటల మాటలు, వరసలు, అవి నేర్పిన గురువుల పేర్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ భద్రపరచాలి. ఊళ్లలో ఇంకా పాడగలిగే పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు గనుక ఈ పనికి ఎక్కువ వ్యవధి లేదు.

ఈ రాత్రిని భుజాన వేసుకోవాల్సినవాళ్లు మన మధ్యే ఉన్నారు. షిప్‌యార్డు, పోర్టు, ఉక్కు కార్మిక సంఘాలు ముందుకొస్తే డబ్బు పెద్ద సమస్య కాదు. వేదిక బీచ్ రోడ్డులో పెడితే బాగుంటుంది. సింధియా దగ్గర, షిప్‌యార్డు గోడ కనబడే చోట పెడితే ఇంకా బాగుంటుంది. షిఫ్టు దిగి వచ్చే కార్మికుడు ఇంటికి వెళ్లకుండా నేరుగా వచ్చి కూర్చోవచ్చు. పక్క బడుల పిల్లలకు వారం ముందే రెండు పల్లవులు నేర్పితే సభకు వంత సిద్ధంగా ఉంటుంది.

2043లో వంగపండు గారికి నూరేళ్లు నిండుతాయి. ఆ ఏడాది ఆయన పాటలు పాడడానికి ఎవరినో బయటి నుంచి పిలవాల్సిన అవసరం రాకూడదంటే ఈ జూన్‌లోనే మొదలుపెట్టాలి. షిప్‌యార్డు ఫిట్టరు, ప్రజాకవి, ఒంటరిగా నిలబడి ఊరిని పాడించిన వంగపండు ప్రసాదరావు గారికి జయంతి శుభాభినందనలు. ఈ వ్యాసం చదివిన మీ ఇంట్లో గాని, మీ ఊళ్లో గాని పాత పాటలు పాడే పెద్దవాళ్లుంటే, ఈ ఆదివారమే వాళ్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు పల్లవి అందుకున్నప్పుడు మీరూ గొంతు కలపండి.